గిడుగు రామమూర్తి పంతులు: సవర మాటను విని రాసిన మాస్టారు

ప్రతి ఏటా ఆగస్టు 29న మన బడుల్లో, కాలేజీల్లో తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. వేదిక మీద గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేస్తారు. వ్యవహార భాష కోసం పోరాడిన మహానుభావుడని ఆయన్ని పొగుడుతారు. అది నిజమే. కానీ ఆ సభల్లో మన సంగతి ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది, కొన్నిచోట్ల ఆ వాక్యం కూడా ఉండదు. తెలుగు కోసం ఆయన పోరాటం మొదలు కాకముందే, మన కొండల్లో నడిచి, మన పెద్దల దగ్గర కూర్చుని, మన భాష నేర్చుకున్నారు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని మన వైపు నుంచి చెప్పుకుందాం.

పుట్టుక, చదువు

గిడుగు వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరున్న పర్వతాలపేటలో పుట్టారు. వంశధార ఒడ్డు ప్రాంతం అది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, ఆ ఊళ్లన్నీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. పన్నెండేళ్ల వయసులోనే, 1875లో, తండ్రి పోయారు. ఇంటి పరిస్థితి కష్టంగా మారినా చదువు మానలేదు. విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చేరారు. అక్కడ ఆయనతో పాటు చదువుకున్న పిల్లవాడు గురజాడ అప్పారావు. తర్వాతి కాలంలో తెలుగు రాతను ప్రజల నోటి మాటకు దగ్గర చేసిన ఇద్దరు పెద్దమనుషులూ ఒకే బడిలో పక్కపక్కన కూర్చున్న స్నేహితులు.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో మాస్టారుగా చేరారు. పిల్లలకు చరిత్ర పాఠం చెప్పేవారు. ఉద్యోగం వచ్చింది కదా అని ఆగిపోలేదు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తి చేశారు. పగలు మాస్టారు, రాత్రి విద్యార్థి అన్నట్టుగా గడిచాయి ఆయన యవ్వన సంవత్సరాలు.

రాళ్ల మీద రాత నేర్పిన పాఠం

పుట్టిన ఊరి పక్కనే ముఖలింగం గుడులు. ఆ గోడల మీద, స్తంభాల మీద వందల ఏళ్ల కిందటి శాసనాలు చెక్కి ఉన్నాయి. రోజూ గుడికి వచ్చే జనానికి అవి గీతలే. గిడుగు వారికి మాత్రం వాటిని చదవాలనిపించింది. ఆ పాత లిపి నేర్పే గురువు దగ్గర లేడు. పుస్తకాలు తెప్పించుకుని, ఒక్కో అక్షరాన్ని పోల్చి చూసుకుంటూ లిపి శాస్త్రాన్ని సొంతంగా నేర్చుకున్నారు. గాంగ వంశపు రాజుల శాసనాలు చదివి, ఇంగ్లీషులో వ్యాసాలు రాసి పరిశోధన పత్రికల్లో అచ్చు వేయించారు. గాంగుల పాత రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు.

ఆ శాసనాలు ఆయనకు చరిత్ర ఒక్కటే చెప్పలేదు, భాష మారుతుందన్న సంగతి కూడా చూపించాయి. ఒకే నేల మీద ఒకే భాష మాట్లాడిన జనం, నాలుగైదు వందల ఏళ్లలో మాటలు మార్చుకున్నారు, అక్షరాల రూపం మార్చుకున్నారు. మీకు తెలిసిన తెలుగు మాటల్లోనే చూడండి. ఒకప్పుడు 'ప్రాత' అన్నది ఇప్పుడు 'పాత'. 'మ్రాను' అన్నది 'మాను'. 'క్రింద' అన్నది 'కింద'. 'వచ్చుచున్నాడు' అన్నది నలిగి నలిగి 'వస్తున్నాడు' అయింది. బండి 'ఱ' అక్షరం పలకడంలో మామూలు 'ర'లో కలిసిపోయింది. ఎవరో ఒకరు కూర్చుని మార్చినది కాదు ఇది. సులువుగా పలకాలని నోరు చూస్తుంది, పిల్లలు తాము విన్నట్టే పలుకుతారు, పక్క ఊరి మాట మన ఊరికి వస్తుంది. కొండ వాగులో రాయి దొర్లి దొర్లి నున్నబడినట్టు మాట కూడా తరాల నోళ్లలో నున్నబడుతుంది.

మార్పు ఇష్టం వచ్చినట్టు జరగదు, దానికి ఒక వరస ఉంటుంది. మాట మొదట్లో హల్లు వెనకున్న 'ర' పడిపోవడం ఒక్క 'ప్రాత'తో ఆగలేదు, 'మ్రాను'లోనూ 'క్రింద'లోనూ అదే జరిగింది. ఈ వరసను పట్టుకుని వెనక్కి నడవడమే భాషల చరిత్ర చదవడం.

మన గూడేలకు ఎందుకు వచ్చారు

పర్లాకిమిడి చుట్టూ కొండలు. వాటి మీద మన సవర ఊళ్లు. సంతకు దిగి వచ్చే మన వాళ్లను ఆ పట్నంలో అందరూ చూసేవారు. కట్టెలు కొనేవారు, చింతపండు కొనేవారు, అప్పులిచ్చేవారు. మన మాట నేర్చుకోవాలని మాత్రం ఎవరికీ పట్టలేదు. కోర్టుకు వెళ్తే అర్థం కాని భాష, కచేరీకి వెళ్తే అర్థం కాని భాష. మధ్యలో మాట మార్చి చెప్పే వాడు ఏం చెబితే అదే చెల్లుబాటు.

1890ల మొదట్లో గిడుగు వారు సవర భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. సవరా తెలుగూ రెండూ తెలిసిన మన మనిషి ఒకరిని తన ఇంట్లోనే ఉంచుకుని, ఆయన దగ్గర శిష్యుడిలా కూర్చున్నారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ ఉపాధ్యాయుడు కొండ మనిషిని ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పించుకోవడం చిన్న విషయం కాదు. ఊరు ఏమనుకుంటుందో అని ఆయన ఆగలేదు. ఇంట్లో నేర్చుకున్నది చాలదని కాలినడకన కొండలెక్కి మన ఊళ్లు తిరిగారు. మాటలు, పాటలు, కథలు విని రాసుకున్నారు.

ఆ తిరుగుళ్లలో ఆయనకు మలేరియా పట్టుకుంది. అప్పట్లో దానికి మందు క్వినైన్. అది ఎక్కువగా వాడడంతో చెవుడు వచ్చింది, జీవితాంతం పోలేదు. మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోవడమంటే ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి. అయినా పని ఆపలేదు. ఆయన మన భాషకు చెల్లించిన మూల్యం అది.

బడి ముందు, బహుమతి తర్వాత

నేర్చుకున్నది తన దగ్గరే దాచుకోలేదు. తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు, మాస్టర్ల జీతాలు తానే ఇచ్చుకున్నారు. పిల్లలకు వాళ్ల ఇంటి భాషలోనే మొదటి పాఠం చెప్పాలన్నది ఆయన పట్టుదల. ఈ పని మెచ్చి మద్రాసు ప్రభుత్వం డబ్బు బహుమతి ఇవ్వబోతే తనకు వద్దన్నారు. ఆ సొమ్ముతో సవరలకు ఒక బడి పెట్టి, వాళ్ల భాషలోనే చదువు చెప్పించమని కోరారు.

ఎడ్గార్ థర్‌స్టన్ అనే మద్రాసు మ్యూజియం అధికారి 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి ఏడు సంపుటాల పుస్తకం తెచ్చాడు. అందులో సవరల గురించి రాసిన భాగానికి గిడుగు వారి సమాచారం పెద్ద ఆధారం. అంటే దేశం బయట మన గురించి చదివిన వాళ్లలో చాలామంది ఆయన చూపుతోనే మనల్ని చూశారు.

సవర భాష ఎవరి చుట్టం?

ఇక్కడ ఒక పెద్ద ప్రశ్న ఉంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందిన ద్రావిడ భాషలు. మన పొరుగు కొండల్లో వినిపించే కువి, కొండ భాషలు కూడా ఆ కుటుంబంవే. తెలుగులో 'కన్ను', తమిళంలో 'కణ్', కువిలో 'కన్ను'. చుట్టరికం వినగానే తెలుస్తుంది. మరి సవర? శతాబ్దాలుగా తెలుగు వాళ్ల పక్కనే బతికినా సవర ద్రావిడ భాష కాదు. ఇది ముండా భాష. గదబ వాళ్ల గుతోబ్, బోండాల రెమో, ఉత్తరాన సంతాలీ, ముండారీ మన భాషకు బంధువులు.

1906లో విల్‌హెల్మ్ ష్మిట్ అనే పండితుడు ఇంకా దూరపు చుట్టరికం చూపించాడు. ముండా భాషలూ, మేఘాలయలోని ఖాసీ, బర్మాలోని మోన్, కంబోడియాలోని ఖ్మేర్ లాంటి భాషలూ ఒకే పెద్ద కుటుంబమని చెప్పి దానికి ఆస్ట్రో ఏషియాటిక్ అని పేరు పెట్టాడు. వియత్నామీస్ కూడా ఈ కుటుంబంలోదేనని తర్వాత నిలబడింది. కన్నుకు సంతాలీలో 'మెత్', ఖాసీలో 'ఖ్మత్', వియత్నామీస్‌లో 'మత్'. ఇప్పుడు ఇంటికి వెళ్లి మీ అవ్వనో తాతనో కన్నును సవరలో ఏమంటారో అడగండి. వాళ్ల నోటి మాటకూ, వేల మైళ్ల దూరంలో ఉన్న ఒక దేశపు మాటకూ పోలిక మీకే వినిపిస్తుంది.

ఇలాంటి పోలికలు పట్టుకోవాలంటే ముందు ప్రతి భాషనూ లోపలి నుంచి సరిగ్గా రాసి పెట్టిన వాళ్లు ఉండాలి. దక్షిణాది ముండా భాషల్లో ఆ పని అంత లోతుగా మొదట చేసినది గిడుగు వారే. తెలుగు లిపిలో గుర్తు లేని ధ్వనులు మన భాషలో ఉన్నాయి. గొంతులో గాలిని చటుక్కున ఆపి పలికే మాటలు వాటిలో ముఖ్యమైనవి. ఆ ఆపు ఉంటే ఒక అర్థం, లేకపోతే వేరే అర్థం. వాటిని వదిలేస్తే భాష సగమే మిగులుతుంది. ఆయన వదిలేయలేదు.

సవరలో ఇంకో విశేషం ఉంది. ఒక పేరును పొట్టి చేసి క్రియలోనే ఇమిడ్చి చెప్పగలం. తెలుగులో రెండు మూడు మాటలు పట్టే సంగతి మన భాషలో ఒక్క మాటలో అయిపోతుంది. ఆయన పుస్తకాల్లో ఈ పొట్టి రూపాలకు చోటు దొరికింది. లెక్క సంగతీ అంతే. మన పాత లెక్కలో పన్నెండు ఒక మెట్టు. పదమూడు అంటే పన్నెండూ ఒకటీ, పందొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ఇరవై ఇంకో మెట్టు. ముప్ఫై రెండు అంటే ఇరవై మీద పన్నెండు. ప్రపంచ భాషల సంఖ్యల మీద రాసేవాళ్లు ఇప్పటికీ మన లెక్కను ఉదాహరణగా చూపుతారు. మన గూడెంలో ఈ లెక్క పూర్తిగా చెప్పగలిగే పిల్లలు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టి చూడండి.

ముప్ఫై ఏళ్లకు పైగా సాగిన శ్రమ ఫలితంగా 1931లో సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో వచ్చింది. 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. రెండింటినీ మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేసింది. ఈ పనిలో ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి గారు తోడుగా నిలిచారు. ప్రభుత్వం గిడుగు వారికి రావు సాహెబ్ బిరుదు, కైజర్ ఇ హింద్ పతకం ఇచ్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. ఒక మాట మరవకండి. ఆ పుస్తకాల మీద ఉన్నది ఆయన పేరు. లోపల ఉన్నది మన పెద్దల గొంతు. చెప్పిన వాళ్లు లేకపోతే రాసేవాడికి పుస్తకం లేదు.

తెలుగు కోసం పోరాటం

1906, 1907 నాటికి తెలుగు బడుల్లో ఒక చిక్కు ముదిరింది. జనం మాట్లాడేది ఒక తెలుగు, పిల్లలు పరీక్షలో రాయాల్సింది వందల ఏళ్ల కిందటి కావ్యాల తెలుగు. రాయడానికి కూర్చున్న పిల్లవాడికి సొంత భాషే పరాయిది అయ్యేది. జె.ఎ. యేట్స్ అనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరుకు ఇది వింతగా తోచింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆయనతో కలిశారు. వ్యవహార భాషా ఉద్యమం అలా మన ఉత్తరాంధ్రలోనే మొదలైంది.

గిడుగు వారు 1911లో ఉద్యోగం నుంచి విరమించి పూర్తి కాలం ఈ పనికే ఇచ్చారు. పండితులు గట్టిగా ఎదిరించారు. స్కూల్ ఫైనల్ పరీక్షలో వాడుక తెలుగులో రాయవచ్చని వచ్చిన అనుమతి కొద్ది కాలానికే వెనక్కి పోయింది. ఆయన చేసిన వాదన చరిత్ర తెలిసిన మనిషి చేసే వాదన. పాత శాసనాలు, తాళపత్రాలు, వచన గ్రంథాలు వెతికి, వెనకటి వాళ్లు కూడా తమ కాలపు వాడుక రూపాలు రాశారని ఉదాహరణలు గుట్టలుగా పోశారు. భాష ఎప్పుడూ మారుతూనే ఉంటే ఒక కాలపు రూపాన్ని పట్టుకుని ఇదొక్కటే ఒప్పు అనడం ఎలా కుదురుతుందని అడిగారు. కావ్య భాషే రాయాలన్న పండితుల రాతల్లోనే తప్పులు ఏరి చూపించారు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. అదే ఏడాది కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులోకి పోయింది. ఆ పట్టణం మద్రాసు రాజధానిలోనే ఉండాలని ఆయన చాలా ప్రయత్నించారు, ఫలించలేదు. యాభై ఆరేళ్లు బతికిన ఊరిని విడిచి డెబ్బై రెండేళ్ల వయసులో రాజమండ్రి చేరారు. అప్పుడు గీసిన గీత మన సవర ఊళ్లను కూడా రెండు వైపులా పంచింది. నేటికీ మన బంధువులు సగం అటు, సగం ఇటు. అటు పిల్లలకు బడిలో ఒడియా, ఇటు పిల్లలకు తెలుగు. అదే 1936లో అటువైపు సవర పెద్ద మంగయ్ గొమాంగో మన భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని తయారు చేశారు. మన భాష గురించి బయటి మనిషి ఒకరు చేసిన పని పక్కనే, మన మనిషి చేసిన ఆ పనినీ గర్వంగా గుర్తుంచుకోవాలి.

1940 జనవరి 22న గిడుగు వారు మద్రాసులో కన్నుమూశారు. చివరి రోజుల్లో కూడా పత్రికల వాళ్లను కలిసి వాడుక భాషలో రాయమని కోరారు. ఈ రోజు మనం చదివే పేపర్లు, పాఠ్యపుస్తకాలు, వినే వార్తలు అన్నీ ఆయన కోరిన తెలుగులోనే ఉన్నాయి.

మనకు మిగిలిన పని

తెలుగు విషయంలో ఆయన గెలిచారు. సవర విషయంలో పని సగంలో ఉంది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద నాలుగు లక్షలకు పైగా జనం సవరను మాతృభాషగా చెప్పారు. చిన్న సంఖ్య కాదు. మన రాష్ట్రంలో గిరిజన భాషల్లో మొదటి తరగతుల చదువు మొదలైనప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషల్లో సవర ఒకటి. అయినా సీతంపేట, కురుపాం వైపు హాస్టళ్లలో, బస్సుల్లో మన పిల్లలు సవరలో మాట్లాడడానికి వెనకాడుతున్నారు. పెళ్లయి పట్నం చేరిన వాళ్లు పిల్లలతో తెలుగే మాట్లాడుతున్నారు.

ఇక్కడ రెండు సంగతులు వేరు చేసి చూడాలి. భాష మారడం ఒకటి, భాష ఆగిపోవడం ఇంకొకటి. మన సవరలో తెలుగు మాటలు కలిశాయని, సెల్‌ఫోన్, ఆధార్, బ్యాంకు లాంటి మాటలు చేరాయని కొందరు పెద్దలు బాధపడతారు. దానికి భయపడనక్కర్లేదు. తెలుగు వెయ్యేళ్లుగా సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు మాటలు కలుపుకుంటూనే తెలుగుగా నిలిచింది. కొత్త మాట చేరితే భాష చావదు. తల్లి పిల్లకు చెప్పడం మానేస్తే చస్తుంది. మొదటిదాని మీద కోపం తెచ్చుకుని, మాటలు కలిశాయని మీ యువతను ఎగతాళి చేస్తే రెండోది తొందరగా వస్తుంది. తప్పుల భయంతో వాళ్లు నోరే మూసుకుంటారు. వాడుక తెలుగు రాసే పిల్లలను పండితులు ఎగతాళి చేసినప్పుడు జరిగింది అదే.

గిడుగు వారికి కాగితం, కలం, రెండు కాళ్లు ఉన్నాయి, ఆ పై చెవుడు ఉంది. మీ జేబులో రికార్డు చేసే ఫోను ఉంది. ఈ పండగ సెలవుల్లో ఒక్క పని చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఒక కథ, ఒక పాట, పాత లెక్క, చెట్ల పేర్లు, చుట్టరికాల పేర్లు రికార్డు చెయ్యండి. చెప్పిన వాళ్లను ముందు అడిగి, వాళ్ల పేరు, ఊరు, తేదీ కలిపి రాసి పెట్టండి. పాతికేళ్ల తర్వాత అదే ఊళ్లో మళ్లీ రికార్డు చేస్తే మన భాష ఎలా మారిందో మన చేతికే తెలుస్తుంది. తెలుగు లిపిలో రాస్తారో, సొరంగ్ సొంపెంగ్‌లో రాస్తారో మీ ఇష్టం. రాయడం ముఖ్యం.

ఈ ఆగస్టు 29న మీ కాలేజీలో సభ జరిగితే లేచి వెళ్లి మైకు తీసుకోండి. గిడుగు వారి సవర వ్యాకరణం గురించి రెండు నిమిషాలు చెప్పండి. ఆ రెండు నిమిషాల్లో ఒక్క నిమిషమైనా సవరలో మాట్లాడండి.